గోడలో వదిలిన సందులు

మా అమ్మాయిని పదో తరగతి సగంలో బడి నుంచి తీసేశారు. బడి గోడకు తూట్లు పొడిచిందన్నారు. ఆ గోడ ఇవాళ్టికీ నిలబడే ఉంది. ఆ తూట్లు పడకపోతే ఆ రోజే కూలేది. దాని కింద కూర్చుని మట్టిబొమ్మలు చేసుకుంటున్న పసిపిల్లల మీద కూలేది. రాయి ఎరిగిన ఎవణ్ణి తీసుకొచ్చి అక్కడ నిలబెట్టినా ఈ మాటే చెబుతాడు. అయినా పిల్ల చేతికిచ్చిన టీసీ కాయితంలో ‘ప్రవర్తన’ అన్న చోట ‘సంతృప్తికరము కాదు’ అని రాసి, కింద ముద్ర కొట్టారు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. మా తాతా, మా నాయనా, నేనూ ముగ్గురం మాచర్ల పక్క నాపరాళ్ళ క్వారీల్లోనే బతికాం. నాకు అక్షరం చెక్కడం ముందు వచ్చింది, చదవడం తర్వాత వచ్చింది. సమాధి పలకల మీదా, ఊరి పొలిమేర రాళ్ళ మీదా ఎవరో సుద్దముక్కతో గీసి ఇచ్చేవాళ్ళు. ఆ గీత వెంబడి ఉలి నడిపేవాణ్ణి. అది ‘క’ అయినా ‘గ’ అయినా నాకు ఒకటే. ఒకసారి చనిపోయిన ఒక ముసలాయన పేరు తప్పు చెక్కాను. ఆయన కొడుకు నలుగురిలో నన్ను కడిగేశాడు. “రాయి మీద తప్పు పడితే నూరేళ్ళు ఉంటదిరా! మా నాయన్ని నూరేళ్ళు తప్పు పేరుతో పండబెడతావా?” అన్నాడు. ఆ పలకను ముఖమంతా అరంగుళం లోతుకు చెక్కి, నున్నగా చేసి, మళ్ళీ మొదటి నుంచి రాసి ఇచ్చాను. మూడు రోజుల పని. అప్పుడే అనుకున్నాను, చచ్చేలోపు చదవడం నేర్చుకోవాలని. టీ కొట్టు దగ్గర పాత పేపర్లతో మొదలుపెట్టి, కొట్టు ఆయన్ని విసిగించి విసిగించి నేర్చుకున్నాను. తర్వాత దొరికిన కాయితమల్లా చదివాను. ఇప్పుడు ఈ ముక్కలు రాస్తున్నది ఆ చదువుతోనే.

ఎనభైల మొదట్లో గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, ఊరికి ఎడంగా ఉన్న బీడులో ఒక ప్రైవేటు బడి లేచింది. పెట్టినాయన పెద్ద రైతుల ఇంటి మనిషి. పట్నంలో పెద్ద చదువులు చదివి వచ్చాడు. కరెస్పాండెంట్ గారు అనేవాళ్ళం. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ బడిని చూసి నా గుండె పొంగింది. ఉన్న చింతచెట్లు ఒక్కటి కూడా కొట్టకుండా వాటి మధ్య గదులు కట్టారు. వంట గోబర్ గ్యాసు మీద. స్నానాల నీళ్ళు అరటి పాదులకు పోయేవి. తిన్న విస్తరాకు కూడా ఎరువు గుంటలో పడాల్సిందే. బుధవారం వచ్చిందంటే పుస్తకాలు మూసెయ్యాలి. ఎనిమిదో తరగతి నుంచి ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక చేతిపని ఎంచుకుని మూడేళ్ళు అదే నేర్చుకోవాలి. మగ్గం, తేనెటీగలు, విత్తనాలు దాచడం, కుమ్మరం, గోబర్ గ్యాసు, రాతిపని. వీటికి ఐచ్ఛిక విద్యలని పేరు పెట్టారు. పిల్లలు మాత్రం పని పీరియడ్ అనేవాళ్ళు.

ఆ బడి గేటు పలక చెక్కింది నేనే. ‘చేసి నేర్చుకో, నేలను కాపాడుకో’ అని పెద్దక్షరాలు, కింద చిన్నక్షరాల్లో పర్యావరణం అనే మాట. ఆ మాట నేనంతకుముందు ఎక్కడా చదవలేదు. ఐచ్ఛిక విద్యలు చూసుకునే సైన్సు మాస్టారిని అడిగాను.

“సార్, ఈ మాటకి అర్థం ఏంది?”

“మన చుట్టూ ఉండేదంతా మేస్త్రీ. నేలా, నీళ్ళూ, గాలీ, చెట్టూ.”

“మనం దాంట్లో ఉన్నామా, బయట ఉన్నామా?”

మాస్టారు నవ్వాడు. “ఆ ప్రశ్న పిల్లల్ని అడగాలి. నువ్వు ఇక్కడికి పాఠం చెప్పడానికి రాకూడదా?”

ఆ నవ్వులోంచే సంగతి కరెస్పాండెంట్ గారి దాకా పోయింది. బుధవారం బుధవారం వచ్చి రాతిపని నేర్పమన్నారు. నాకు జీతం వద్దన్నాను. మా అమ్మాయి ఊళ్ళో ఉన్న ఏడు తరగతులూ అయిపోయి ఇంట్లో ఉంది, దాన్ని చేర్చుకుంటే చాలన్నాను. సరేనన్నారు. బడి గురించి అచ్చేసిన పుస్తకంలో నా గురించి ‘రాతిపని నిపుణుడు’ అని వేశారు. ఆ పుస్తకం క్వారీలో తిరిగింది. “ఒరేయ్ నిపుణుడా, నా చెప్పులో రాయి దూరింది, కాస్త పరీక్ష చేసి చెప్పరా!” అని మా బావ వారం రోజులు నన్ను తిననివ్వలేదు.

అమ్మాయి ఎనిమిదిలో చేరింది. చేతిపని ఎంచుకునే రోజున ఆడపిల్లలంతా మగ్గం వైపూ, విత్తనాల వైపూ పోతే ఇది రాతిపని అని చెయ్యెత్తింది. మా వాళ్ళలో ఒక కట్టు ఉంది. ఆడమనిషి క్వారీలో రాయి మోస్తుంది, కంకర కొడుతుంది, తట్ట ఎత్తుతుంది. ఉలి మాత్రం తాకదు. పొరపాటున దాటినా ఆ ఉలి కడిగి, పసుపు రాసి, ఒక రోజు పక్కన పెడతాం. నేనే అట్లా చేసినవాణ్ణి. ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను.

“ఏమే, నీ కూతురు ఉలి పడతానంటంది.”

“పట్టనీ.”

“మనోళ్ళు ఏమంటారో!”

“నువ్వు కొట్టిన రాయంతా ఇన్నేళ్ళూ నా నెత్తి మీదే గదా పోయింది. మోస్తే అంటని మైల, ఉలి పడితే అంటుద్దా? యాడిదయ్యా ఈ మైల?”

మా నాయన వాడిన చిన్న ఉలి ఒకటి ఉంటే, పిడికిలికి సరిపడా గుడ్డ చుట్టి దానికిచ్చాను.

పిల్లకు పని చేతికి పట్టుబడింది. చెబితే సొంత డబ్బా అంటారు గానీ, నా చేతి కింద పనిచేసిన మగాళ్ళలో ముగ్గురు నలుగురికి తప్ప అట్లాంటి కన్ను లేదు. రాయిని తట్టి, చెవి పెట్టి విని, ఎక్కడ పగులుతుందో చెప్పేది. తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు ఒక మాట అన్నాడు. “నువ్వు పది పాసై పాలిటెక్నిక్‌లో సివిల్ తీసుకో. ఓవర్సీయర్ అవుతావు.” ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు. ఓవర్సీయర్ అంటే మాకు తెలిసిన ఓవర్సీయర్లు గొడుగు కింద నిలబడి, మేము కట్టిందానికి టేపు పట్టి, తల అడ్డంగా ఊపేవాళ్ళు. మా అమ్మాయి టేపు పట్టుకుంటే వాళ్ళమ్మ నెత్తి మీది తట్ట దిగుతుంది. మాకు ఆశ ఉన్నదల్లా అదొక్కటే. దానికి పదో తరగతి కావాలి.

గోడ సంగతికి వస్తాను. బడికి ఎగువన వాన నీళ్ళు నిలబెట్టడానికి ఒక గుంట తవ్వించారు. తవ్విన మట్టి దిగువ పక్కన కట్టగా పోశారు. ఆ కట్ట కింద చదును నేల, అందులో కుమ్మరం పాక. చిన్న తరగతుల పిల్లలు అక్కడే కూర్చుని మట్టి పిసికేవాళ్ళు. కట్ట జారి పాక మీద పడకుండా మనిషి ఎత్తున ఒక రాతి గోడ కట్టాలి. అది పదో తరగతి రాతిపని పిల్లలకు ఆ ఏటి పని అన్నారు. తొమ్మిది మంది పిల్లలు. అందులో ఆడపిల్ల మాది ఒక్కతే.

మా నల్లరేగడి గుణం పల్నాటి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎండలకు నెర్రెలిచ్చి, గేదెపెయ్య కాలు దిగేంత సందు పడుతుంది. వానకు నానితే పులిసిన పిండిలా ఉబ్బుతుంది. ఉబ్బిన మట్టి వెనక నీళ్ళు కూడా నిలబడితే దాన్ని ఏ రాయీ ఆపదు. మా నాయన చెప్పిన మాట ఒకటే. “మట్టిని ఆపు. నీళ్ళని మాత్రం ఆపబాక.” అందుకని అట్లాంటి గోడకు సిమెంటు పెట్టం. నాపరాళ్ళు పడుకోబెట్టి, ప్రతి వరసనూ ఓ పిసరు లోపలికి వాల్చి, రెండు బారలకొకటి చొప్పున అరచెయ్యి దూరేంత సందు వదిలిపెడతాం. సందు వెనక కంకర పోస్తాం. నీళ్ళు కంకరలోంచి సందుకొచ్చి, సందులోంచి బయటికి పోతాయి.

ఆ గోడకు పదకొండు సందులు. పదకొండూ మా అమ్మాయే పెట్టింది. ఒక్కొక్క సందూ అయ్యాక వెనక నుంచి బిందెడు నీళ్ళు పోసి, ముందుకొచ్చి గొంతుక్కూర్చునేది. నీళ్ళు బయటికి తొంగి చూసేదాకా మాట్లాడేది కాదు. తోటి పిల్లలు “ఏమే, గోడ ఈనుతుందా?” అని ఎక్కిరించేవాళ్ళు. “ఈనుద్ది. కవల పిల్లలు. ఒకటి నీకిస్తాలే,” అనేది. గోడ బొమ్మ గీసి, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో బాణాలు వేసి, పని పుస్తకంలో రాసుకుంది. మాస్టారు దాని కింద ‘చాలా బాగుంది’ అని సంతకం చేశాడు. ఆ సంతకం గుర్తుపెట్టుకోండి.

గోడ అయిపోయిన నెలకు, పట్నం నుంచి పెద్దలు వస్తున్నారన్నారు. బడికి సాయం చేసేవాళ్ళట. ఐచ్ఛిక విద్యలన్నీ చూసి, ఫొటోలు తీసుకుని పోతారట. అప్పుడు నేను రాజుపాలెంలో ఒకరింటికి నాపరాళ్ళు పరవడానికి పోయి, పది రోజులు ఉండిపోయాను. తిరిగొచ్చి చూస్తే గోడ తెల్లగా మెరుస్తోంది. రాళ్ళ మధ్య గీతలన్నీ సిమెంటుతో పూసి, సందులు పదకొండూ మూసేశారు. నేరుగా కరెస్పాండెంట్ గారి దగ్గరికి పోయాను.

“అయ్యా, గోడకు సందులు పూడ్పించారేంది?”

“బొక్కల్లో తొండలు తిరుగుతున్నాయి మేస్త్రీ. రేపు పాము దూరితే? పైగా చూడ్డానికి పని సగంలో ఆగినట్టుంది. ఫొటోలు తీస్తారు గదా.”

“వాన పడితే గోడ ఆగదయ్యా.”

“వానాకాలం అయిపోయింది గదయ్యా, ఇంకేం వాన? వాళ్ళొచ్చి పోయాక నీ ఇష్టం వచ్చినన్ని బొక్కలు పెట్టుకో.” లేచి నిలబడి, మెల్లిగా ఇంకో మాట కలిపాడు. “ఆ రోజు బుధవారమే గానీ, నువ్వు రానక్కర్లేదులే. పిల్లలే చెబుతారు.”

నేను ఊరుకున్నాను. ఈ ముక్క రాయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. అక్కడ బల్ల గుద్ది ఉండాల్సింది. ఆ పూటే గడ్డపార తీసుకుని నేనే ఆ సిమెంటు రాల్చి ఉండాల్సింది. పిల్లకు పరీక్ష ఏడు గదా, ఇప్పుడెందుకులే పెద్దవాళ్ళతో అనుకున్నాను. ఇంటికొస్తే పిల్ల గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“నాయినా, నువ్వే గదా చెప్పావు, నీళ్ళని ఆపబాక అని.”

“పెద్దోళ్ళు చూసుకుంటారులే.”

“వాళ్ళకి తెలీదు నాయినా.”

“నీకు పరీక్ష ఏడే! నోరు మూసుకుని చదువుకో.”

నా కూతురితో నేనన్న మాట అది. పలక మీద తప్పయితే అరంగుళం చెక్కి పారేశాను. ఈ మాటను ఎంత లోతుకు చెక్కాలో నాకిప్పటికీ తెలియలేదు.

వాళ్ళు రావడానికి మూడు రోజుల ముందు తుఫాను పట్టింది. మూడు పగళ్ళూ, మూడు రాత్రులూ విడవకుండా కురిసింది. క్వారీ గుంటలు నిండాయి. బుధవారం పొద్దునకు తెరిపిచ్చి తుంపర్లకు దిగింది. పెద్దలు రెండు కార్లలో వచ్చారు. నన్ను రావద్దన్నారు గదా, ఇంట్లో కూర్చుని చూరు వైపు చూస్తూ ఉన్నాను. ఆ రోజు జరిగింది పిల్ల చెబితే విన్నాను. తర్వాత తోటి పిల్లల నోటా విన్నాను, చాలా రోజులకు మాస్టారి నోటా విన్నాను. అందరి మాటా ఒక్కటే.

చిన్నపిల్లలు ఇరవై మందికి పైగా పాకలో కూర్చుని బొమ్మలు చేస్తున్నారు. వచ్చినవాళ్ళు వాళ్ళ పక్కన కుర్చీల్లో కూర్చుని టీ తాగుతున్నారు. మా అమ్మాయిని ఉతికిన బట్టలతో గోడ పక్కన నిలబెట్టారు, ఎవరైనా అడిగితే చెప్పడానికి. నిలబడి గోడ వైపు చూసింది. మూడు రోజుల వాన వెనక ఉంది. ముందు మాత్రం ఒక్క బొట్టు కారడం లేదు. మధ్య వరసలో ఒక రాయి వేలెడు బయటికొచ్చింది. దాని చుట్టూ సిమెంటు గీత విచ్చింది. అరచెయ్యి ఆనించి చూసింది. “నిండు బాన మీద చెయ్యి పెట్టినట్టుంది నాయినా,” అంది నాతో.

పోయి మాస్టారి చెవిలో చెప్పింది. “ఇప్పుడు కాదమ్మా. వాళ్ళు టీ తాగి లేవనీ,” అన్నాడు ఆయన. అది మళ్ళీ గోడ చూసింది, పిల్లల్ని చూసింది. సామాన్ల కొట్టులోకి పరిగెత్తి, ఉలీ సుత్తీ తెచ్చి, ఎవరినీ అడక్కుండా సందు మీద సిమెంటు కొట్టడం మొదలుపెట్టింది.

ఒకటి తెరిచింది. రెండు తెరిచింది. మూడో సందు తెరవగానే నల్లటి బురద నీళ్ళు ముంజేతి లావున ఎగజిమ్మి కుర్చీల మీద పడ్డాయి. వచ్చినావిడ చీర మీద, కరెస్పాండెంట్ గారి తెల్లపంచె మీద, నీటిని పొదుపు చేద్దాం అని పిల్లలు రాసి తగిలించిన అట్టల మీద. చిన్నపిల్లలు ఇదేదో ఆటనుకుని కేకలు పెట్టుకుంటూ పాకలోంచి బయటికి పరిగెత్తారు. “ఏంది నువ్వు చేస్తున్న పని! ఆపు! ఎవరన్నా దాన్ని పట్టుకోండి!” అని కరెస్పాండెంట్ గారు అరిచారు. అది ఆగలేదు. చెయ్యి పట్టుకుని లాగేలోపు ఆరు సందులు తెరిచింది. గోడ ఒకసారి కిర్రుమని, మళ్ళీ కూర్చుంది.

ఎవరికీ గీత కూడా పడలేదు. అదే మా కొంప ముంచింది. గోడ కూలి ఒక్కరికి కాలు విరిగినా తప్పు ఎవరిదో ఊరంతా చెప్పేది. కూలలేదు గనక కూలేది కాదన్నారు. మర్నాడు పిల్ల చేతిలో టీసీ పెట్టి పంపారు.

నేను పోయాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“పట్నం వాళ్ళ ముందు బడి పరువు తీసింది నీ కూతురు,” అన్నారు కరెస్పాండెంట్ గారు.

“పిల్లల్ని కాపాడిందయ్యా.”

“గోడ నిలబడే ఉంది గదా? దేన్నించి కాపాడింది?”

“అది తూట్లు పొడిచింది గాబట్టి నిలబడిందయ్యా!”

“చూశావా, తూట్లు పొడిచిందని నువ్వే ఒప్పుకుంటున్నావు.”

బతిమాలాను. బడిలో ఉంచకపోతే ఉంచకపోనీ, ఆ కాయితం మీద ఆ ఒక్క మాట మార్చమన్నాను. రాసింది మార్చడం కుదరదన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. “నేను రాయి మీద రాసిన తప్పును మార్చిచ్చాను అయ్యా! చచ్చిపోయినాయన కోసం మార్చాను. మీరు బతికున్న పిల్ల కోసం కాయితం మీద మార్చలేరా?” అన్నాను. వాచ్‌మన్‌ను పిలిచారు. గేటు దాకా నడిపించి బయటికి పంపారు. నేను చెక్కిన పలక కిందే.

పదో తరగతి పరీక్షకు దరఖాస్తులు పంపే గడువు ఇంకా రెండు వారాలుంది. ప్రభుత్వ హైస్కూలు హెడ్మాస్టరు మంచాయన. టీసీ చదివి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. “ఇట్టాంటి కాయితం మీద, అదీ సగం ఏడు గడిచాక చేర్చుకుంటే రేపు నన్నడుగుతారయ్యా. ఆ ఒక్క మాట మార్పించుకురా. నువ్వొచ్చిన పూటే చేర్చుకుంటా,” అన్నాడు. ప్రైవేటుగా కడదామని ఇంకోచోట అడిగితే వాళ్ళూ ఆ కాయితమే అడిగారు.

సైన్సు మాస్టారు గురజాలలో ఒక గదిలో అద్దెకుండేవాడు. ఆయన దగ్గరికి పోయాను. పిల్ల పని పుస్తకంలో గోడ బొమ్మ ఉంది, సందులు ఉన్నాయి, కింద ఆయన సంతకం ఉంది. అది చూపిస్తే చాలు.

“ఆ పుస్తకం ఆఫీసులో పెట్టుకున్నారు మేస్త్రీ. ఇక బయటికి రాదు,” అన్నాడు.

“మీరు నోటితో చెప్పండి సార్. మీరు చెబితే వింటారు.”

“నేను చెబితే ఇద్దరం బయట ఉంటాం.”

“పిల్ల ముందు మీతోనే గదా చెప్పింది!”

“చెప్పింది.” ఆయన గోడ వైపు తిరిగాడు. “నిద్ర పట్టడం లేదు మేస్త్రీ నాకు.”

నేను ఆయన కాళ్ళ మీద పడ్డాను. నా జన్మలో నేను దేవుడికి తప్ప ఎవరికీ వంగలేదు. ఆయన గబగబా లేపి, “నన్ను ఇంకా నరకంలో వెయ్యబాక,” అన్నాడు. అంతే. సంతకం పెట్టలేదు. ఇద్దరం ఏడ్చాం. ఏడుపు ఏ ఆఫీసులోనూ చెల్లదు.

నర్సరావుపేటలో బడుల మీద అజమాయిషీ చేసే విద్యాశాఖ ఆఫీసుకు మూడుసార్లు పోయాను. మొదటిసారి పెద్దాయన కాంపులో ఉన్నాడన్నారు. రెండోసారి అర్జీ రాసుకు రమ్మన్నారు. రాసుకుని పోయాను, నా చేత్తో రాసిందే. మూడోసారి బల్ల దగ్గర కూర్చున్నాయన దాన్ని పైనుంచి కిందకు చూసి, “అక్షరాలు గుండ్రంగా ఉన్నయ్యే, ఎవరు రాశారు?” అన్నాడు. నేనే అన్నాను. “బాగా రాశావు. కానీ ప్రైవేటు బడి లోపల సంగతి మాకెట్టా తెలుసుద్ది? వాళ్ళు రాసిందే మాకు రికార్డు,” అని తిరిగిచ్చాడు.

గడువు చివరి రోజున నేనూ, పిల్లా హైస్కూలు వరండాలో కూర్చున్నాం. ఎందుకు కూర్చున్నామో నాకు తెలియదు. ఎవరైనా జాలిపడి పిలుస్తారేమో, మాస్టారు మనసు మార్చుకుని సైకిలు మీద వస్తాడేమో అని దారి వైపే చూశాను. సాయంత్రం నాలుగు గంటలకు క్లర్కు దరఖాస్తులన్నీ దొంతి పెట్టి, అంచులు సరిచేసి, పురికొస చుట్టాడు. ముడి వేసేటప్పుడు వేలు పెట్టేవాళ్ళు లేక మా వైపు చూశాడు. మా అమ్మాయి లేచి పోయి ఆ ముడి మీద వేలు పెట్టింది. ఆయన బిగించి కట్టాక వేలు తీసింది.

“పోదాం పద నాయినా,” అంది.

దారిలో ఒక వాగు కల్వర్టు ఉంది. దాని రాతి గోడ దగ్గర ఆగి కిందకు వంగి చూసింది. “దీనికి పెట్టారు చూడు,” అంది, నీళ్ళు కారే సందులు చూపిస్తూ. వాళ్ళమ్మ మమ్మల్ని చూసి, అడగాల్సింది అడక్కుండా, పొయ్యి వెనక్కి పోయి కూర్చుంది.

మర్నాటి నుంచి అది వాళ్ళమ్మతో కలిసి క్వారీకి వచ్చింది. కొన్నాళ్ళకు తట్ట వదిలి ఉలి పట్టింది. మా బావ కూడా ఏమీ అనలేదు. అనే మొహం ఎవరికీ లేదు. ఓవర్సీయర్లు వచ్చి, అది కట్టిన గోడలకు టేపు పట్టి పోయేవాళ్ళు. అది టేపు కొస పట్టుకుని నిలబడేది.

నేను మాత్రం ఊరుకోలేదు. ఏటా వానలు మొదలవగానే బడికి ఒక అర్జీ రాసేవాణ్ణి. మొదటి ఏడు బతిమాలాను. రెండో ఏడు తిట్టాను, నాకు వచ్చిన తిట్లన్నీ మంచి గ్రాంథికంలో పెట్టి తిట్టాను. దేనికీ జవాబు లేదు. “ఇంక రాయబాక నాయినా. వాళ్ళు చదవరు,” అంది పిల్ల. మూడో ఏడు తిట్లు మానేసి పాఠం రాశాను. గోడ బొమ్మ గీశాను. నల్లరేగడి ఎట్లా ఉబ్బుతుందో, నీళ్ళు ఎక్కడ చేరతాయో, సందు ఎక్కడ వదలాలో, ఎంత వెడల్పు ఉండాలో, వెనక కంకర ఎంత పోయాలో నాలుగు కాయితాలు రాశాను. ఇవన్నీ మా అమ్మాయికి పదిహేనేళ్ళకే తెలుసు, తెలిసే ఆ పని చేసింది, కనక ఆ ఒక్క మాట కొట్టేసి కొత్త కాయితం ఇవ్వండి, వయసు దాటలేదు, ఇప్పటికైనా పరీక్ష రాస్తుంది అని ముగించాను.

నెల తిరగకుండా జవాబొచ్చింది. పైన ఆకుపచ్చ సిరాతో ఒక ఆకు బొమ్మ, దాని కింద నేను చెక్కిన మాటే అచ్చులో. పోస్టుమాన్ క్వారీకే తెచ్చిచ్చాడు. ముందు అమ్మాయే చదివింది. చదివి, ఉన్న మడత మీదే మడిచి, నా చేతిలో పెట్టి, సుత్తి తీసుకుని గుంటలోకి దిగిపోయింది. ఆ ఉత్తరంలో ఇట్లా ఉంది:

“తమ అర్జీ అందినది. నీరు పోవుటకు గోడలో సందులు ఉంచవలెనని తమరు వ్రాసిన వివరము మిక్కిలి ఉపయోగకరముగా నున్నది. దానిని ఈ ఏటి నుండి మా రాతిపని పాఠములో చేర్చడమైనది. కొత్తగా కట్టుచున్న రెండవ గోడకు అదే పద్ధతి అనుసరించుచున్నాము. ఇందుకు పాఠశాల తరఫున తమకు కృతజ్ఞతలు. తమ కుమార్తె ప్రవర్తన విషయమై ఒకసారి వ్రాసిన మాటను మార్చుటకు నిబంధనలు అంగీకరించవు. పిల్లలకు ఆ సందులు చూపి వివరించుటకు తమరు ఏ బుధవారమైనను రావచ్చును.”